బస్సు ఆపమని అడగలేకపోయాను

మొదటిసారి నెల తప్పినప్పుడు ఎనిమిదో వారంలో ఒక ప్రయాణం చేశాను. రెండు గంటల బస్సు ప్రయాణం, అంతే. పొద్దున వెళ్లి సాయంత్రానికల్లా వచ్చేశాను. నాలుగు రోజుల తర్వాత బ్లీడింగ్ మొదలైంది. స్కానింగ్ చేసి, వారం ఆగి మళ్లీ చేసి, గుండె చప్పుడు లేదని తేల్చారు. ఇంటికొచ్చాక నన్నెవరూ మొహం మీద ఏమీ అనలేదు. కానీ "ఆ రోడ్డు అసలే గతుకులు" అని మా అత్తగారు పక్కింటావిడతో అంటుంటే వినిపించింది. మా అమ్మ ఫోన్‌లో "వెళ్లకుండా ఉండాల్సింది" అని ఒక్కసారి అని, వెంటనే మాట మార్చేసింది. ఆ ఒక్క మాటే ఏడాదిన్నర నా నెత్తి మీద కూర్చుంది.

రెండోసారి నెల తప్పాక కొత్త డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఆవిడ పాత ఫైలు తిరగేస్తూ ఒక కాగితం దగ్గర ఆగారు. "మీరు బస్సెక్కింది ఎనిమిదో వారంలో అంటున్నారు కదా?" అని అడిగారు. అవునన్నాను. "ఇందులో పిండం సైజు ఆరు వారాల రెండు రోజులని ఉంది. అక్కడే ఎదుగుదల ఆగిపోయింది. మీరు బస్సెక్కేసరికే అంతా అయిపోయింది."

ఆ రిపోర్టు ఏడాదిన్నరగా మా బీరువాలోనే ఉంది. మాలో ఎవరమూ దాన్ని చదవలేదు. చదవాలని తోచలేదు కూడా, ఎందుకంటే కారణం మాకు ముందే తెలిసిపోయింది కదా!

ఈ వ్యాసం రాయడానికి కోపం ఒక కారణం. గర్భిణి ప్రయాణం అనగానే అందరి కళ్లూ రోడ్డు మీదికే పోతాయి. గతుకులు, కుదుపులు, స్పీడ్ బ్రేకర్లు. తొలి వారాల్లో పోయే గర్భాల్లో దాదాపు సగం, కొన్ని లెక్కల ప్రకారం అంతకన్నా ఎక్కువే, పిండంలో క్రోమోజోముల సంఖ్య తప్పడం వల్ల పోతాయి. అండం, వీర్యకణం కలిసిన రోజునే నిర్ణయమైపోయిన సంగతి అది. ఆ తర్వాత మీరు బస్సెక్కినా మంచం దిగకపోయినా మారదు. పైగా మొదటి పన్నెండు వారాలూ గర్భసంచి కటి ఎముకల మధ్య దాక్కునే ఉంటుంది. మామూలు రోడ్డు కుదుపు దాన్నేమీ చేయలేదు. మరి ప్రయాణాల తర్వాతే ఎందుకు పోయినట్టు అనిపిస్తుంది? తెలిసిన ప్రతి వంద గర్భాల్లో పది నుంచి ఇరవై దాకా గర్భస్రావమవుతాయి, అందులో చాలా భాగం మొదటి మూడు నెలల్లోనే. ఆ మూడు నెలల్లో ఎక్కడికీ కదలని ఆడది ఎవరు? వెనక్కి తిరిగి చూస్తే ఏదో ఒక ప్రయాణం కనబడుతుంది. దొరికిన దాని మీదికి నింద నెట్టేస్తాం.

సరే, నింద సంగతి అలా ఉంచుదాం. తప్పుడు భయంతో వచ్చే అసలు నష్టం ఇంకోటుంది. కుదుపుల నుంచి కాపాడితే జాగ్రత్త పూర్తయిపోయిందనుకుంటాం. నాకు జరిగింది అదే.

రెండో గర్భంలో ఆరు నెలలు ఇల్లు కదలలేదు. ఏడో నెలలో ఆఫీసు పని మీద ఒక ప్రయాణం తప్పలేదు. ఆరు గంటల బస్సు. ఇంట్లో వాళ్లు చేయని జాగ్రత్త లేదు. వెనక చక్రాల మీద పడకుండా మధ్య సీటు బుక్ చేశారు. నడుముకొక దిండు, కింద మెత్తటి దుప్పటి. మా ఆయన డ్రైవర్ దగ్గరికి వెళ్లి "కొంచెం నెమ్మదిగా పోనివ్వండి" అని చెప్పి వచ్చారు. బస్సు దారిలో ఎక్కడ ఆగుతుంది, ఆగిన చోట బాత్రూమ్ ఉంటుందా అని మాత్రం ఎవరూ అడగలేదు. నాతో సహా.

నేను మాత్రం నాకు తెలిసిన ఉపాయం చేశాను. నీళ్లు మానేశాను. లీటర్ సీసా ఒడిలోనే ఉంది. గొంతు మరీ ఎండినప్పుడు మూత తీసి రెండు గుక్కలు, మళ్లీ మూత. ఆడవాళ్లకు ఇది ఎవరూ నేర్పక్కర్లేదు, స్కూలు రోజుల నుంచే వచ్చేస్తుంది. మూడో గంటలో పొట్ట కింద బరువుగా అనిపించింది. నాలుగో గంటలో లేచి ముందుకు వెళ్లి డ్రైవర్‌ని ఆపమని అడుగుదామనుకున్నాను. బస్సు నిండా జనం. అందరూ నా వైపే చూస్తారు. ఒక్కదాని కోసం నలభై మందిని ఆపడమా అని మొహమాటం. ఇంకో రెండు గంటలే కదా అని కళ్లు మూసుకున్నాను.

దిగేసరికి సీసాలో నీళ్లు మెడ దాకా ఉన్నాయి. రాత్రికి పొట్ట రాయిలా బిగుసుకోవడం మొదలైంది. బిగుసుకుని, వదిలి, మళ్లీ బిగుసుకుని. గడియారం చూస్తే ఎనిమిది నిమిషాలకోసారి. ఊరు కాని ఊళ్లో ఆసుపత్రి వెతుక్కుని వెళ్తే అక్కడి డాక్టర్ అడిగిన మొదటి ప్రశ్న: "పొద్దుట్నుంచి నీళ్లు ఎన్ని తాగారు?" ఒంట్లో నీరు తగ్గింది, యూరిన్‌లో ఇన్ఫెక్షన్ కూడా ఉంది అన్నారు. సెలైన్, యాంటీబయాటిక్, రాత్రంతా పొట్టకు మానిటర్ బెల్టు. తెల్లవారుజామున నొప్పులు సర్దుకున్నాయి. ఇన్ఫెక్షన్ ఆ ఆరు గంటల్లోనే వచ్చిందని నేననను, అంతకు ముందు నుంచే ఉండి ఉండొచ్చు. కానీ గర్భంలో మూత్రం బిగబట్టడం, నీళ్లు తాగకపోవడం ఇన్ఫెక్షన్‌కు దారి ఇవ్వడమే. ముదిరితే అది కిడ్నీల దాకా పోయి, నెలలు నిండక ముందే నొప్పులు తేగలదు. దిండూ దుప్పటీ దీన్ని ఆపలేవు.

అందుకే ఇప్పుడెవరైనా "ఏడో నెలలో వెళ్లొచ్చా?" అని అడిగితే నేను రోడ్డు గురించి అడగను. ఎన్ని గంటలు కదలకుండా కూర్చోవాలి? కావాలనుకున్నప్పుడు ఆపించగలవా? దారిలో, చేరిన చోట, కాన్పు చేయగల ఆసుపత్రి ఎంత దూరం? ఈ మూడే అడుగుతాను. రైలు సుఖం, బస్సు కష్టం, విమానం ప్రమాదం అని బండిని బట్టి తీర్పులు చెప్పడం నాకు నచ్చదు. రైల్లో లేచి నడవొచ్చు, బాత్రూమ్ ఉంటుంది, కానీ మీ కోసం మధ్యలో ఆగదు. కారు ఎక్కడైనా ఆగుతుంది, నడిపేవాళ్లకు ఆపే మనసుంటే.

కదలకుండా కూర్చోవడం గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఇందులో ప్రాణం మీదికి వచ్చేదుంది. గర్భం వచ్చిన దగ్గర్నుంచి రక్తం గడ్డకట్టే గుణం పెరుగుతుంది. కాన్పులో రక్తం ఎక్కువ పోకుండా శరీరం ముందే చేసుకునే ఏర్పాటు అది. దానికి తోడు పెరిగిన గర్భసంచి నడుము లోపలి సిరలను నొక్కుతుంది, కాళ్ల నుంచి రక్తం పైకి ఎక్కడం మందగిస్తుంది. మామూలుగా ఆ రక్తాన్ని పైకి నెట్టేది పిక్కల కండరం. నడిచినప్పుడల్లా పంపులా పనిచేస్తుంది. నాలుగు గంటలకు మించి కూర్చుండిపోతే ఆ పంపు ఆగినట్టే. లోపలి సిరలో కట్టిన గడ్డ ఊడి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణమే పోవచ్చు.

అరుదైనదే, భయపడి ప్రయాణం మానుకోమని చెప్పడం లేదు. గంటకో రెండు గంటలకో లేచి నాలుగడుగులు వేయండి. లేవడం కుదరకపోతే కూర్చున్న చోటే మడమ నేలకు ఆనించి పాదం పైకీ కిందికీ ఆడించండి, పిక్క బిగిసి వదిలేలా. కాలు మీద కాలు వేసుకోకండి. దూర ప్రయాణమైతే పిక్కల దాకా వచ్చే, కొలతకు సరిపోయే బిగుతు మేజోళ్ల గురించి డాక్టర్‌ని అడగండి. మీ రక్తసంబంధీకుల్లో ఎవరికైనా, లేదా మీకే ఇంతకుముందు, గడ్డలు కట్టి ఉంటే ఆ సంగతి తప్పకుండా చెప్పండి, ఇంజెక్షన్ అవసరమవుతుందేమో వాళ్లు చూస్తారు. "రక్తం పలుచబడుతుందట" అని ఆస్పిరిన్ సొంతంగా వేసుకోకండి. అది వేరే కారణాలకు, డాక్టర్ రాసి ఇస్తే వేసుకునేది.

గుర్తుపట్టడం ఎలా అంటే, ఏడో నెల తర్వాత రెండు పాదాలూ వాచడం చాలామందిలో చూసేదే. ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా, వెచ్చగా, ఎర్రగా ఉంటే అది వేరు. గర్భంలో ఈ గడ్డలు ఎడమ కాల్లో ఎక్కువగా వస్తాయి. ఉన్నట్టుండి ఆయాసం, ఊపిరి తీస్తే ఛాతీలో పోటు వస్తే గమ్యం చేరాక చూద్దాం అనుకోవడానికి లేదు. ఇంకో మాట, ఈ ముప్పు కాన్పుతో పోదు. తర్వాత ఆరు వారాలు మరింత ఎక్కువగా ఉంటుంది. పసిబిడ్డను ఒళ్లో పెట్టుకుని గంటల తరబడి కారులో కూర్చునే బాలింతకు కూడా పిక్కల మాట చెప్పాలి. ఎవరూ చెప్పరు.

ఇక సీటు బెల్టు. దీని గురించి మా ఇంట్లోనే పెద్ద వాదన జరిగింది. "కడుపు మీద నొక్కుకుంటుంది, వద్దు" అని మా అత్తగారు, "సరే, వద్దులే, నెమ్మదిగా పోదాం" అని మా ఆయన. నేను ఒప్పుకోలేదు. బెల్టు లేకపోతే కడుపు మీద నొక్కేది డాష్‌బోర్డో, ముందు సీటో అవుతుంది, అంతే తేడా. ప్రమాదంలో బిడ్డకు అన్నిటికన్నా పెద్ద రక్ష తల్లి బతికి ఉండటం.

కాకపోతే పెట్టుకునే తీరు ఉంది. కింది పట్టీ పొట్ట మీదుగా కాదు, పొట్ట కింద, తొడల పైభాగాన, తుంటి ఎముకల మీదికి రావాలి. కూర్చున్నాక పొట్టను ఒక చేత్తో కొంచెం పైకెత్తి పట్టీని కిందికి జార్చితే సరిగ్గా కూర్చుంటుంది. పై పట్టీ భుజం మీంచి రొమ్ముల మధ్యగా వచ్చి పొట్ట పక్క నుంచి దిగాలి. చంక కిందికి తోసేయకూడదు. మొదటి రెండుసార్లు చిరాగ్గా ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. మీరే నడుపుతుంటే స్టీరింగ్‌కీ రొమ్ము ఎముకకీ మధ్య కనీసం 25 సెంటీమీటర్ల దూరం ఉండేలా సీటు వెనక్కి జరపండి. ఎయిర్‌బ్యాగ్‌ని ఆపేయకండి, బెల్టుతో కలిసినప్పుడే అది పనికొస్తుంది. పొట్ట పెరిగే కొద్దీ ఆ దూరం మిగలకపోతే తాళాలు ఇంకొకరికి ఇచ్చేయాలి.

చిన్న గుద్దుడే కదా, ఏం కాలేదు కదా అనుకోవద్దు. గర్భసంచి సాగుతుంది, దాని గోడకు అంటుకుని బిడ్డకు పోషణ అందించే మాయ (ప్లాసెంటా) సాగదు. గట్టిగా కుదిపినప్పుడు గోడ నుంచి మాయ విడిపోవచ్చు, పైకి గాయమే కనిపించకపోవచ్చు. అందుకని కారు దేనికైనా గుద్దుకుంటే, నెలలు పెరిగాక ముఖ్యంగా, ఆసుపత్రికి వెళ్లి కొన్ని గంటలు మానిటర్ మీద ఉండాలి. మీది నెగెటివ్ బ్లడ్ గ్రూపైతే ఆ మాట మీరే చెప్పాలి, ఆంటీ-డి ఇంజెక్షన్ అవసరం పడవచ్చు. కుదుపుకు భయపడాల్సిన చోటు ఏదైనా ఉంటే అది ఇది. గతుకుల రోడ్డు కాదు.

విమానం గురించి నన్ను ఎక్కువమంది అడిగేది సెక్యూరిటీ గేటు గురించి. ఆ మెటల్ డిటెక్టర్‌లో ఎక్స్-రే లేదు, ఉన్నది బలహీనమైన అయస్కాంత క్షేత్రం. నిశ్చింతగా దాటొచ్చు. పైన ఎగిరేటప్పుడు అంతరిక్షం నుంచి వచ్చే రేడియేషన్ కొంచెం పెరిగే మాట నిజమే. అప్పుడప్పుడూ ఎక్కేవాళ్లకు అది లెక్కలోకి రాదు, విమాన సిబ్బందికీ వారం వారం ఎగిరేవాళ్లకీ మాత్రం లెక్క వేయాలి. లోపలి గాలి పీడనం ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న తల్లికి, బిడ్డకు ఇది సమస్య కాదు. తక్కువ ఆక్సిజన్‌లోనూ దాన్ని గట్టిగా పట్టుకునే హిమోగ్లోబిన్ బిడ్డ రక్తంలో ఉంటుంది. తల్లికి రక్తం బాగా తక్కువగా ఉన్నా, గుండె, ఊపిరితిత్తుల జబ్బు ఉన్నా ఈ మాట వర్తించదు.

విమానం దగ్గర చిక్కంతా నిజానికి వారాల లెక్కలో వస్తుంది. మనం "ఏడో నెల నడుస్తోంది" అంటాం, "ఏడు నెలలు నిండాయి" అంటాం. 28 వారాలు నిండిన మనిషికి క్యాలెండర్ పట్టి లెక్కేస్తే ఏడో నెల నడుస్తున్నట్టు. నాలుగు వారాలకో నెల చొప్పున లెక్కేస్తే ఏడు నెలలు నిండినట్టు. ఒకే రోజు, రెండు మాటలు! విమాన సంస్థకు ఈ రెండూ అక్కర్లేదు. చివరి నెలసరి మొదటి రోజు నుంచి, లేదా స్కానింగ్ సరిచేసిన తేదీ నుంచి, ఎన్ని వారాలో చెప్పాలి. చాలా సంస్థలు 28 వారాలు దాటాక డాక్టర్ ఉత్తరం అడుగుతాయి. ఒక్క బిడ్డయితే 36 వారాల దాకా, కవలలైతే 32 దాకా అనుమతించడం మామూలు, సంస్థను బట్టి ఒకటి రెండు వారాలు అటూ ఇటూ. అందరూ మరిచిపోయేది తిరుగు టికెట్. 34 వారాలకు వెళ్లి మూడు వారాలుండి వద్దామనుకుంటే, వెళ్లేది వెళ్తారు, రావడానికే ఉండదు. ఉత్తరం మీద తేదీ కూడా చూసుకోండి, పాతదైతే కౌంటర్ దగ్గర ఒప్పుకోరు.

నడవా పక్క సీటు తీసుకోండి. కూర్చున్నంత సేపూ బెల్టు పొట్ట కింద పెట్టుకునే ఉండండి, గాలి కుదుపు చెప్పి రాదు. పైకెళ్లాక కడుపులో గ్యాస్ వ్యాకోచిస్తుంది కాబట్టి ముందు రోజు ఉబ్బరం చేసేవి తినకపోతే మీకే సుఖం.

దారి గురించి ఇంత ఆలోచించి, చేరే చోటు గురించి ఆలోచించకపోవడం ఇంకో వింత. దారిలో ఆరు గంటలు, అక్కడ ఆరు రోజులు. 2015లో బ్రెజిల్‌లో దోమల ద్వారా సోకే జికా వైరస్ విజృంభించినప్పుడు తల చిన్నగా పుట్టిన బిడ్డలను చూసి ప్రపంచమంతా బెదిరిపోయింది. 2016 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. తల్లిని కుట్టిన దోమ పగటి పూట కుట్టేది, చాలామంది తల్లులకు జ్వరం కూడా రాలేదు. మలేరియా గర్భిణికి మామూలు మనిషి కన్నా తీవ్రంగా వస్తుంది. కలుషిత నీటితో వచ్చే హెపటైటిస్ ఇ కూడా అంతే, చివరి నెలల్లో ప్రాణాంతకం కావచ్చు. ఎల్లో ఫీవర్ టీకా బతికున్న వైరస్‌తో చేసేది, గర్భంలో మామూలుగా ఇవ్వరు. ఆ టీకా కాగితం తప్పనిసరి అనే దేశాలున్నాయి. అలాంటి చోటికి ప్రయాణం వాయిదా వేయగలిగితే వేయడమే మంచిది, తప్పకపోతే డాక్టర్‌తో కూర్చుని మాట్లాడాలి. దోమలకు ఒంటికి రాసుకునే డీట్ మందు గర్భంలో వాడొచ్చు, దోమ కుట్టనివ్వడం కన్నా అదే నయం.

"తొమ్మిది నెలలే కదా, ఇంట్లో ఉంటే ఏం పోయింది?" అంటారు. నిజమే, ఉండగలిగిన వాళ్లు ఉండొచ్చు. ఇంట్లో ఉండాల్సిన వాళ్లు కూడా ఉన్నారు. మాయ గర్భసంచి ముఖానికి అడ్డంగా ఉన్నవాళ్లు, బీపీ పెరిగి ప్రీఎక్లాంప్సియా వచ్చినవాళ్లు, ఇంతకుముందు నెలలు నిండకుండా కాన్పయినవాళ్లు, ఉమ్మనీరు పోతున్నవాళ్లు, గర్భసంచి ముఖద్వారం పొట్టిబడిందని స్కానింగ్‌లో తేలినవాళ్లు. వీళ్లకు డాక్టర్ వద్దంటే వద్దనే. తొలి వారాల్లో ఉండి ఆసుపత్రికి దూరంగా పోవాల్సి వస్తే, గర్భం సంచిలోనే ఉందా, ట్యూబులో ఉందా అని స్కాన్ చేయించుకుని కదలాలి. ట్యూబు పగిలితే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. మిగతావాళ్లకు 14 నుంచి 28 వారాల మధ్య కాలం హాయి. వేవిళ్లు తగ్గుతాయి, పొట్ట ఇంకా కదలనిస్తుంది. అయినా ఉద్యోగానికి వెళ్లేవాళ్లు, చెకప్‌కే రెండు గంటలు ప్రయాణించాల్సిన వాళ్లు ఏం చేయాలి? వాళ్లకు "వెళ్లొద్దు" అన్నది సలహాయే కాదు. ఎలా వెళ్లాలో చెప్పే మనిషి కావాలి.

ఆ రాత్రి ఊరు కాని ఊళ్లో నన్ను గట్టెక్కించింది నా ఫైలు. బ్లడ్ గ్రూపు, ఆఖరి స్కానింగ్, బీపీ రాసిన కార్డు, వాడే మాత్రల చీటీ. మా ఆయన విసుక్కుంటూనే వాటిని ఫోటోలు తీసి ఫోన్‌లో పెట్టారు. అసలు కాగితాలు ఇంట్లోనే మరిచిపోయాను. ఆ డాక్టర్ ఫోన్‌లో ఫోటోలు పెద్దవి చేసుకుంటూ చదివి, ఐదు నిమిషాల్లో వైద్యం మొదలుపెట్టారు.

33వ వారంలో చెకప్‌కి కారులో వెళ్లాం. నేను వెనక సీట్లో, బెల్టు పొట్ట కింద. పక్కన అత్తగారు, ఒడిలో నా నీళ్ల సీసా. గంటన్నరకోసారి ఆపాలని బయల్దేరే ముందే ఒప్పందం. మొదటిసారి ఆపినప్పుడు ఆవిడ కారులోనే కూర్చున్నారు. రెండోసారి దిగి నాతో పాటు నడిచారు. మూడోసారి నేను అడగనే లేదు. సీసా ఖాళీ అయింది, చూసుకుని ముందు సీటు మీద తట్టి ఆవిడే అన్నారు: "బాబూ, ఎక్కడైనా బాత్రూమ్ ఉన్న చోట ఆపు. నీళ్లు కూడా పట్టుకోవాలి."